ఇంటి లేతుకు ముందేది, వెనుకేది?

సెలవు దినం వస్తే కొందరు చీట్లాడుకుంటారు, కొందరు సినిమాకు పోతారు, కొందరు పెరట్లో మొక్కలకు పాదులు చేసుకుంటారు. ఇంటి వెనుక రేకుల షెడ్డులో ఒక లేతు పెట్టుకొని, ఇనుప కడ్డీనో ఇత్తడి కడ్డీనో తిప్పి, దానిలోనుంచి ఒక బొంగరాన్నో, కుట్టుమిషను బుష్షునో, చిన్న ఆవిరి యంత్రపు బొమ్మనో తీసి సంతోషపడేవారు కూడా వున్నారు. వీరు తక్కువమందే గాని, ప్రతి పేటలోనూ ఒకరో ఇద్దరో తగులుతారు. నేనూ ఆ జాతివాణ్ణే. పగలు ఆఫీసులో పద్దులు వ్రాయడం, సాయంత్రం లేతు ముందు నిలబడడం. నేను ఇంజనీరును కాను. మెట్రిక్కుతో చదువు ముగించి గుమాస్తాగిరీలో చేరినవాణ్ణి. కాబట్టి నేను వ్రాసేది పెద్ద కార్ఖానాల సంగతి కాదు. మనబోటి నెలజీతగాండ్ల సంగతి.

ఈ సరదాలో ఒక చిక్కు వుంది. యంత్రం కొనడంతో ఖర్చు ఆగదు. అక్కడే మొదలవుతుంది. పెద్ద మోటారు వేస్తే బాగుండును, కొత్త టూలు పోస్టు వుంటే బాగుండును, అంకెలు తనంతట తానే చూపే పెట్టె వుంటే బాగుండును అని మనస్సు లాగుతుంది. అన్నీ మంచివే. అయితే ఏది ముందు, ఏది వెనుక అనే వరుస తెలియకుండా ఖర్చుచేస్తే డబ్బు పోతుంది, పని మాత్రం అక్కడే వుంటుంది. ఒక్కొక్కప్పుడు వేళ్లకే ముప్పు వస్తుంది. ఆ వరుసను గురించే యీ నాలుగు మాటలు.

తరిమెన మనకు కొత్త కాదు

లేతు అనేది ఇంగ్లీషు మాటే గాని, వస్తువు మనకు పాతదే. మన పాత నిఘంటువులలో దీనికి తరిమెన అనే మాట వుంది. ఏటికొప్పాక బొమ్మలు చేసేవారు అంకుడు కర్రను దీనిమీదనే తిప్పి, లక్క రంగు పట్టిస్తారు. బెంగుళూరు నుండి మైసూరు పోయే దారిలో చెన్నపట్నం బొమ్మలవారూ చేసేది ఇదే. అంకుడు చెట్టును కన్నడంలో హాలె మర అంటారు. కర్ర ఒకటే, విద్య ఒకటే, పేరు మాత్రం వేరు.

ఆ తరిమెనకూ మన ఇనుప లేతుకూ భేదం ఒక్కటే. బొమ్మలు చేసేవాడు ఉలిని చేత్తో పట్టుకుంటాడు. నున్నదనమంతా అతని చేతి నేర్పులోనే వుంది. ఇనుప లేతులో టూలును యంత్రమే పట్టుకుంటుంది. 1800 ప్రాంతంలో ఇంగ్లండులో హెన్రీ మాడ్స్‌లే అనే పనివాడు టూలును పట్టే జారుడు బల్లను, పొడుగాటి మరకడ్డీని, మార్చి వేసుకొనే పళ్ల చక్రాలను ఒక్క లేతులో సమకూర్చాడు. అప్పటినుండి పని నాణ్యం చేతి నేర్పుతోపాటు యంత్రపు తిన్నదనం మీద కూడా ఆధారపడింది. ఈ వ్యాసానికంతకూ మూలం అదే. యంత్రం వంకర అయితే పనీ వంకరే.

మన దేశంలో 1941లో హరిహరలో మైసూరు కిర్లోస్కరువారు, 1953లో బెంగుళూరులో హిందూస్థాన్ మెషిన్ టూల్స్‌వారు నెలకొన్నారు. హరిహర కార్ఖానా మూతపడి చాలా కాలమయింది. కాని అటువంటి కార్ఖానాలలో పోతపోసిన బెడ్డులు ఇప్పటికీ చిన్న షెడ్డులలో పనిచేస్తూనే వున్నాయి. బెంగుళూరు ఎస్.జె.పి. రోడ్డులోనూ, కోయంబత్తూరు, రాజ్‌కోట్ వంటి పట్టణాలలోనూ విచారిస్తే పాత లేతులు దొరుకుతాయి. వీటిని అడుగుల లెక్కన చెబుతారు. ఇంటికి నాలుగున్నర అడుగుల లేతు చాలును. అంతకు మించితే దించడానికి మనుషులు, నిలపడానికి నేల, రెండూ కష్టమే. మేడమీద కాపురమున్నవారు ఆ ఊహ మానుకొని, బల్లమీద పెట్టుకొనే చిన్న లేతుతో తృప్తిపడడం మంచిది.

కొనేటప్పుడు రంగు చూడవద్దు. పాత యంత్రానికి కొత్త రంగు వేయడం ఒక పూట పని. చక్కు దగ్గర బెడ్డును చూడండి. ఎక్కువ పని అక్కడే జరుగుతుంది గనుక అరుగుదలా అక్కడే వుంటుంది. క్యారేజీని చక్కు దగ్గర వదులు లేకుండా బిగించి, అవతలి కొసకు తిప్పుకొంటూ పొండి. కొసకు పోయేసరికి పట్టేసినట్లు ఆగిపోతే, చక్కు దగ్గర బెడ్డు బాగా అరిగిందన్నమాట. పళ్ల చక్రాల జత పూర్తిగా వుందో లేదో లెక్కపెట్టుకోండి. అవి లేకపోతే మర కోయడం కుదరదు. విడిగా ఒక్కొక్కటే వెతకాలంటే చెప్పులరుగుతాయి.

ఒక మిత్రుని మోటారు కథ

మా ఆఫీసులోనే పనిచేసే మిత్రులొకరు మూడేళ్ల క్రిందట ఒక పాత లేతు కొన్నారు. కడ్డీ తిప్పితే దానిమీద నీటి అలలవంటి గీతలు పడేవి. యంత్రం గడగడ అదిరేది. ఒక గుర్రపు శక్తి మోటారు చాలడం లేదని ఎవరో చెప్పారు. ఆయన భవిష్యనిధిలోనుండి సొమ్ము తీసి, రెండు గుర్రాల మోటారు, కొత్త పుల్లీలు, బెల్టులు వేయించారు. అలలు అలాగే వున్నాయి. ఇంకొంచెం లోతుగా కూడా పడ్డాయి.

"ఏమండీ, మోటారు మారిస్తే అంతా బాగవుతుందన్నారే!" అని ఆయన ఇల్లాలు అడిగిందట. దానికి ఆయన దగ్గర సమాధానం లేదు. ఆ సొమ్ము పిల్ల కాలేజీ ఫీజుకు అనుకున్నది.

మా వీధి చివర ఒక పెద్దాయన వున్నారు. నలభై ఏళ్లు టర్నరుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నారు. కోలారు వైపు తెలుగు. ఆయన్ను వెంటబెట్టుకొని పోయాము. ఆయన మోటారు వైపు తలెత్తి చూడలేదు. సంచిలోనుంచి డయల్ గేజి తీసి, దాని సూదిని చక్కు మీద ఆనించి, చక్కు క్రింద ఒక కర్ర దూర్చి మెల్లగా పైకెత్తారు. సూది ఎనిమిది గీతలు తిరిగింది. ఒక్కొక్క గీత మిల్లీమీటరులో నూరవ వంతు.

"చూడు సామీ, మోటారుకు బలం చాలకుంటే లేతు నిలిచిపోతుంది, లేదా బెల్టు జారుతుంది. అదిరిందంటే యాడో వదులుండాది అని లెక్క," అన్నారు.

స్పిండిలును పట్టే బేరింగు మూత విప్పి, క్రింద వున్న పలుచని రేకు నొకదానిని తీసి, నూనె పోసి, మళ్లీ బిగించారు. చేత్తో తిప్పి చూచారు. టూలు చాలా ముందుకు పొడుచుకొని వుంటే దానిని వెనక్కు నెట్టారు. తరువాత తిప్పిన కడ్డీ అద్దంలా రాకపోయినా, అలలు మాత్రం మాయమైనాయి. ఖర్చు రెండు కాఫీలు. కొత్త మోటారు మాత్రం ఇంకా అక్కడే వుంది, చేయవలసిన దానికంటె రెట్టింపు బలంతో.

ఆ రోజు ఆయన చెప్పిన మాటే యీ వ్యాసం చెప్పదలచిన మాట. ముందు కొలువు, తరువాత ఖర్చు పెట్టు.

మొదటి మెట్టు: కొలిచే సామాను

కాబట్టి మొదటి కొనుగోలు డయల్ గేజి, దానికి అయస్కాంతపు స్టాండు. రెండవది 0 నుండి 25 మిల్లీమీటర్ల మైక్రోమీటరు. ఈ రెండూ లేకుండా యంత్రం బాగుందనీ బాగులేదనీ చెప్పడం, పద్దులు కూడకుండా నిలువ చెప్పడం వంటిది.

తరువాత లేతును సరిగా నిలపాలి. చాలామంది లెవలు పెట్టేది నీళ్లు పారకుండా నేలను సరిచేసినట్లు అనుకుంటారు. లేతుకు కావలసింది అది కాదు. బెడ్డు ఇనుపదే అయినా, నాలుగు కాళ్లలో ఒకటి ఎత్తయితే మెలికపడుతుంది. ఆ మెలిక కంటికి కనబడదు, పనిలో కనబడుతుంది. నేల చదునుగా లేని షెడ్డులలో ఇది తప్పదు.

దీనిని పరీక్షించడానికి ఖరీదైన లెవలు లేకపోయినా ఫరవాలేదు. 30 మిల్లీమీటర్ల లావు కడ్డీ నొకదానిని చక్కులో బిగించి, బయటికి 150 మిల్లీమీటర్లు వుంచండి. అవతలి కొసను టైల్‌స్టాకుతో ఆన్చవద్దు. నడుమ కొంచెం సన్నగా తీసి, రెండు చివరల రెండు పట్టీలు మిగల్చండి. టూలును ముట్టుకోకుండా, రెండు పట్టీలమీదా ఒకే సారి బహు పలుచని కోత పెట్టండి. ఇప్పుడు రెండింటినీ మైక్రోమీటరుతో కొలవండి. ఒకే కొలత వస్తే బెడ్డు తిన్నగా వున్నట్లు. బయటి కొస లావుగా వస్తే, టైల్‌స్టాకు వైపు, మనం నిలబడే ప్రక్కనున్న కాలి క్రింద ఒక పలుచని రేకు ముక్క దూర్చి మళ్లీ పరీక్షించండి. సన్నగా వస్తే వెనుక ప్రక్క కాలి క్రింద దూర్చాలి. ఒక ఆదివారం పడుతుంది. రేకు ముక్కలు ఇంట్లోనే దొరుకుతాయి. ఇంత చౌకలో ఇంత మేలు చేసే పని లేతుకు మరొకటి లేదు.

రెండవ మెట్టు: వదులు తీయడం

స్పిండిలు సంగతి చెప్పాను. తరువాత జారుడు బల్లలు. ప్రతి బల్ల ప్రక్కనా ఒక పలుచని ఇనుప పట్టీ, దానిని నొక్కే మరలు వుంటాయి. పనివారు దానిని గిబ్బు అంటారు. మరలను ఒకదాని తరువాత ఒకటి కొద్దికొద్దిగా బిగించుకుంటూ, చేతిచక్రం తిప్పుతూ చూచుకోవాలి. బల్ల కదలాలి, కాని ఊగరాదు. ఒక్కసారిగా బిగిస్తే బల్ల పట్టేస్తుంది. ముందు పాత జిడ్డును కిరసనాయిలుతో కడిగి, శుభ్రమైన నూనె వేయడం మరువరాదు. వదులు అనుకున్నదానిలో సగం మురికి గాను, బిగుసుకుపోయిందనుకున్నదానిలో సగం ఎండిన జిడ్డు గాను తేలుతుంది.

చేతిచక్రం తిప్పినా కొంత మేర బల్ల కదలకపోవడం పాత లేతులన్నిటిలోనూ వుంటుంది. దీనిని బ్యాక్‌లాష్ అంటారు. మరకడ్డీకీ దాని నట్టుకూ మధ్య అరుగుదలవల్ల వచ్చేది యిది. దీనిని చూచి భయపడనక్కరలేదు. టూలును ఎప్పుడూ ఒకే దిక్కునుండి, అంటే పనివైపుకే తెచ్చి నిలపాలి. దాటిపోతే అర చుట్టు వెనక్కు తిప్పి మళ్లీ ముందుకు రావాలి. ఈ అలవాటు వుంటే అరిగిన నట్టుతో కూడా మంచి కొలత తీయవచ్చు. వదులు మరీ ఎక్కువై, టూలు తనంతట తానే పనిలోకి లాగబడుతూ వుంటేనే కొత్త నట్టు వేయించాలి. కంచుతో నట్టు చేసి ఇచ్చే టర్నర్లు ప్రతి పారిశ్రామిక పేటలోనూ వున్నారు.

మూడవ మెట్టు: టూలు

బజారులో కార్బైడు ముక్కల టూళ్లు మెరుస్తూ కనబడతాయి. అవి గట్టివే. కాని వాటికి వేగం కావాలి, యంత్రంలో బిగువు కావాలి. మెత్తని ఇనుముమీద కార్బైడుకు నిమిషానికి నూరు మీటర్లకు పైగా కోత వేగం ఇస్తేనే దాని గుణం తెలుస్తుంది. పాత బెల్టు లేతులు చాలావరకు ఆ వేగాన్ని అందుకోలేవు. అటువంటి లేతుకు సరిపడినది హైస్పీడు స్టీలు టూలు. గ్రైండరుమీద చేతితో సానపెట్టుకోవచ్చు, చౌక, అంచు వాడిగా వుంటుంది, తక్కువ బలంతో కోస్తుంది.

వేగం లెక్క గుమాస్తాలకు కష్టం కాదు. కోత వేగాన్ని 320తో గుణించి, కడ్డీ వ్యాసంతో భాగిస్తే నిమిషానికెన్ని చుట్లు తిప్పాలో వస్తుంది. వేగం మీటర్లలో, వ్యాసం మిల్లీమీటర్లలో తీసుకోవాలి. హైస్పీడు స్టీలుతో మెత్తని ఇనుముకు వేగం 25 మీటర్లు అనుకోండి. 25 మిల్లీమీటర్ల కడ్డీకి 320 చుట్లు. 50 మిల్లీమీటర్లయితే 160 చుట్లు. పోత ఇనుముకు 20 మీటర్లు చాలు. అల్యూమినియముకు 60 మీటర్లు తీసుకుంటే 25 మిల్లీమీటర్ల కడ్డీకి సుమారు 770 చుట్లు. ఈ నాలుగు అంకెలూ ఒక అట్టమీద వ్రాసి లేతు ఎదుట గోడకు తగిలించుకుంటే, టూలు కాలిపోయే బాధ చాలావరకు తప్పుతుంది.

టూలు ముక్కు సరిగ్గా స్పిండిలు నడిమి ఎత్తులో వుండాలి. ఆగివున్న గుండ్రని కడ్డీకీ టూలు ముక్కుకూ మధ్య ఒక చిన్న స్టీలు స్కేలును మెల్లగా ఆన్చి చూడండి. స్కేలు నిలువుగా నిలిస్తే ఎత్తు సరి. అటో యిటో వాలితే సరికాదు. ఎత్తు సరిలేకపోతే కడ్డీ మొగం తీసినప్పుడు నడుమ ఒక చిన్న బొడిపె మిగిలిపోతుంది.

ఇక్కడే టూలు పోస్టు ప్రస్తావన వస్తుంది. పాత పోస్టులో ఎత్తు సరిచేయడానికి టూలు క్రింద రేకు ముక్కలు పేర్చాలి. టూలు మార్చిన ప్రతిసారీ ఆ ముక్కలు మారుతాయి. త్వరగా మార్చే కొత్త రకం పోస్టులో ఒక్కొక్క టూలుకు ఒక్కొక్క పట్టు, దానికి ఎత్తు మర వుంటాయి. ఒకసారి సరిచేస్తే అలాగే వుంటుంది. రోజుకు ఒక గంట మాత్రమే తీరిక దొరికే మనబోటివారికి ఆ గంటలో పావు వంతు మిగులుతుంది. యంత్రంమీద పెట్టే పెద్ద ఖర్చులలో నేను మొదట సిఫారసు చేసేది యిదే.

నాలుగవ మెట్టు: మోటారు, కరెంటు

కార్ఖానానుండి వచ్చిన లేతుకు త్రీఫేజు మోటారు వుంటుంది. మన ఇండ్లకు వచ్చేది 230 వోల్టుల సింగిల్ ఫేజు. దీనికి దారులు రెండు. మోటారు తీసివేసి సింగిల్ ఫేజు మోటారు వేయడం ఒకటి. పాత మోటారునే వుంచి, మధ్యన వి.ఎఫ్.డి. అనే పెట్టె పెట్టడం రెండవది. ఈ పెట్టె ఇంటి కరెంటును తీసుకొని త్రీఫేజుగా మార్చి, వేగాన్ని ఒక బొత్తాముతో హెచ్చుతగ్గులు చేయనిస్తుంది. బెల్టు మార్చే శ్రమ తగ్గుతుంది, మోటారు నెమ్మదిగా అందుకుంటుంది గనుక ఇంట్లో దీపాలు మిణుకుమనవు.

అయితే కొన్ని జాగ్రత్తలు. ఈ పెట్టె ఇచ్చేది 230 వోల్టుల త్రీఫేజు. మన మోటారు 415 వోల్టులకు స్టారు పద్ధతిలో కలిపి వుండవచ్చు. దానిని డెల్టాగా మార్చాలి. మోటారులోనుంచి ఆరు తీగలు బయటికి వచ్చివుండి, దాని పేరు పలకమీద 230 వోల్టులు కూడా వ్రాసివుంటేనే అది సులభం. ఈ పని లైసెన్సున్న ఎలక్ట్రీషియనుతోనే చేయించాలి. పెట్టెకూ మోటారుకూ మధ్య స్విచ్చి పెట్టరాదు. వేగం మరీ తగ్గిస్తే మోటారు వెనుకనున్న ఫ్యాను కూడా నెమ్మదిస్తుంది, మోటారు వేడెక్కుతుంది. వేగం తగ్గినప్పుడు బలమూ తగ్గుతుంది గనుక, పెద్ద కడ్డీకి పాత బ్యాక్‌గేరు ఇప్పటికీ అవసరమే. స్విచ్చి ఆపినా పెట్టె లోపల కొన్ని నిమిషాల దాకా కరెంటు నిలిచివుంటుంది. వెంటనే మూత తీయరాదు.

అన్నిటికంటె ముఖ్యమైనది మరొకటి. పాత లేతులలో చక్కు స్పిండిలుకు మరతో బిగించి వుంటుంది. పెట్టె చేతికి రాగానే ఉత్సాహంతో మోటారును ఉన్నపళంగా నిలిపేటట్లు, వెనక్కు తిప్పేటట్లు అమర్చుకుంటారు. స్పిండిలు టక్కున ఆగితే బరువైన చక్కు తన ఊపులో తాను తిరిగి, మర ఊడి, మన కాళ్ల మీదికి రాగలదు. కాబట్టి మర చక్కు వున్నవారు యంత్రాన్ని మెల్లగా ఆగేటట్లే అమర్చుకోవాలి.

మోటారు మాట వచ్చినప్పుడు మన కోయంబత్తూరు జి.డి. నాయుడుగారిని తలచుకోకుండా వుండలేము. తెలుగు కుటుంబంలో పుట్టి, బడి చదువు పెద్దగా లేకుండానే, కొన్న మోటారుసైకిలును విప్పి మళ్లీ బిగించి యంత్రాల గుట్టు తెలుసుకున్న మనిషి ఆయన (1893–1974). విప్పి చూడడమే ఆయనకు బడి. కాని విప్పినదానిని మళ్లీ బిగించగలిగారు, అది మరువరాదు.

ఐదవ మెట్టు: అంకెల పెట్టె

చిట్టచివరికి వచ్చేది బల్ల కదలికను అంకెలలో చూపే డి.ఆర్.ఓ. బల్లకు ప్రక్కన ఒక కొలబద్దను అతికిస్తారు. మరకడ్డీ ఎంత అరిగినా, బల్ల నిజంగా ఎంత కదిలిందో పెట్టె చూపుతుంది. నలభై దాటి కళ్లజోడు మార్చి మార్చి డయలు గీతలు చూచే మనవంటివారికి ఇది నిజంగా ఒక ఊరట. అయితే ఇది అరిగిన బెడ్డును తిన్నగా చేయదు. వదులైన స్పిండిలును బిగించదు. మొదటి మూడు మెట్లు ఎక్కనివారికి ఇది వంకర పనికి మూడు దశాంశాల వరకు లెక్క చెప్పిపెడుతుంది, అంతే.

ఒళ్లు కాపాడే ఖర్చు

దీనికి మెట్టు లెక్క పెట్టలేదు. ఎందుకంటే ఇది అన్నిటికంటె ముందుది. డయల్ గేజి కొనకముందే కొనవలసినవి ఒక మంచి కళ్లజోడు, ఒక స్టార్టరు.

మన ఊళ్లలో కరెంటు పోతుంది, మళ్లీ వస్తుంది. మామూలు స్విచ్చి వున్న లేతు కరెంటు పోయినప్పుడు ఆగి, మనం చక్కులో చెయ్యి పెట్టి చూస్తుండగా తనంతట తానే తిరగవచ్చు. కరెంటు పోగానే విడిపోయి, పచ్చ బొత్తాము నొక్కితే తప్ప కలవని స్టార్టరు వుంటే యీ గండం వుండదు. వి.ఎఫ్.డి. పెట్టెను కూడా అలాగే అమర్చమని చెప్పాలి. ఎర్రని పెద్ద బొత్తాము నొకటి చెయ్యి అందేచోట పెట్టించండి. ఎర్తు తీగ సరిగా వుందో లేదో పరీక్ష చేయించండి.

ఉడుపుల సంగతి. పంచె, లుంగీ, పొడుగు చేతుల చొక్కా, ఉత్తరీయం, వదులు గొలుసు, ఉంగరం, చేతికి కట్టిన దారం, ఇవేవీ తిరిగే యంత్రం దగ్గరకు తీసుకుపోరాదు. చేతికి గ్లవుసులు వేసుకోవడం రక్షణ అనుకుంటారు. తిరిగే పని దగ్గర అదే ప్రమాదం, గ్లవుసును పట్టుకొని చేతినంతా లాగేస్తుంది. ఆడపిల్లలు పని నేర్చుకుంటామంటే తప్పక నేర్పండి. జడను ముడిచి గుడ్డ కట్టుకొన్న తరువాతనే లేతు దగ్గర నిలబెట్టండి. 2011లో అమెరికాలో పేరుపొందిన యేల్ విశ్వవిద్యాలయంలో ఒక విద్యార్థిని రాత్రివేళ ఒంటరిగా లేతు మీద పనిచేస్తుండగా జుట్టు చిక్కుకొని ప్రాణం పోగొట్టుకున్నది. అంత పెద్ద విద్యాలయంలో జరిగినది మన షెడ్డులో జరగదని ఎవరు చెప్పగలరు? అందుచేత రెండు నియమాలు. ఇంట్లో ఎవరూ లేనప్పుడు యంత్రం తిప్పరాదు. నిద్ర ముంచుకొస్తుండగా తిప్పరాదు.

చక్కు తాళాన్ని చక్కులో వదిలి చెయ్యి తీయరాదు. అది చేతిలో వుండాలి, లేదా దాని మేకుకు వుండాలి. తీగల్లా చుట్టుకొని వచ్చే ఇనుప పొట్టును చేత్తో లాగరాదు. అది బ్లేడువలె కోస్తుంది. పిడి వున్న కొక్కెంతో, యంత్రం ఆపి లాగాలి. తిరిగే కడ్డీకి గరుకు కాగితాన్ని వేలికి చుట్టి పట్టరాదు. చిన్నపిల్లలున్న ఇల్లయితే షెడ్డుకు తాళం, మెయిను స్విచ్చికి తాళం, రెండూ వుండాలి.

ఇరుగుపొరుగు మాట కూడా ఒకటి. రాత్రి ఎనిమిది తరువాత యంత్రం ఆపేస్తే మనకు సుఖం, వారికి సుఖం. పక్కింటి కుట్టుమిషనుకు ఒక బుష్షు చేసిపెడితే, ఎనిమిదిన్నర దాకా కూడా ఎవరూ ఏమీ అనరు!

ఒక నోటు పుస్తకం

చివరగా, గుమాస్తా సలహా ఒకటి. లేతు ప్రక్కన మేకుకు ఒక నోటు పుస్తకం తగిలించండి. స్పిండిలు వదులు ఎన్ని గీతలు, రెండు పట్టీల పరీక్షలో తేడా ఎంత, ఏ కాలి క్రింద ఎంత రేకు పెట్టారు, ఏ రోజున నూనె మార్చారు, అన్నీ తేదీతో వ్రాయండి. ఆరు నెలలకొకసారి మళ్లీ కొలిచి క్రింద వ్రాయండి. కొత్త సామాను కొనాలని మనస్సు లాగినప్పుడు ముందు ఆ పుస్తకం తెరవండి. కొనబోయే వస్తువు అందులోని ఏ లోపాన్ని తీరుస్తుందో వ్రేలు పెట్టి చూపగలిగితే కొనండి. చూపలేకపోతే ఆ సొమ్ము ఇంటిలోనే వుండనివ్వండి.

మన కుర్రవాళ్లు, ఆడపిల్లలు ఆ పుస్తకంలో ఒక పుట తమ చేత్తో వ్రాసినరోజున, మిల్లీమీటరులో నూరవ వంతు అంటే ఏమిటో ఏ బడీ నేర్పనంత బాగా నేర్చుకుంటారు. పోత ఇనుప యంత్రం మనకంటె ఎక్కువకాలం బ్రతుకుతుంది. మన తరువాత దాని ముందు నిలబడేవారికి యంత్రంతో పాటు దాని లెక్క కూడా అప్పగించడం మన విధి.